పొడిగా ఉన్నదే మంచిది

ఏప్రిల్ 7, సోమవారం

బాలింత రాయకూడదట. కళ్ళు గుంజుతాయట, ముందుముందు చూపు పోతుందట. దవాఖాన మెట్లు దిగుతున్నప్పుడే అమ్మ ఈ సంగతి చెప్పేసింది. అందుకే ఈ డైరీని బాబు గుడ్డల దొంతర కింద పెట్టాను. ఆ గుడ్డలు నేను వాడబోవడం లేదు కాబట్టి అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు.

ఇంటికొచ్చాం. పుట్టి మూడు రోజులు. పేరు తొట్టెల నాడు పెడతారు, అప్పటిదాకా వట్టి బాబే.

డాక్టరమ్మ మాట మరిచిపోకుండా రాసిపెట్టుకోవాలి. "రెండు కిలోల నాలుగు వందలు ఉన్నడమ్మా, చిన్నగనే ఉన్నడు. మొదట్ల జెర్ర తగ్గుతడు, భయపడకు. గా తరువాత పెరగాలె. రేపు గాదు, వచ్చే మంగళవారం తీస్కరా, తూచి చూస్త. పెరగకుంటే మళ్ళ లోపల పెట్టుకోవాల్సొస్తది." లోపల అంటే అద్దాల గది. పక్క మంచం ఆమె కొడుకు అందులోనే ఉన్నాడు. ఆమె కుట్ల నొప్పితో నడుము వంచుకుని ఆ అద్దం ముందు నిలబడేది. నేను నిలబడను. నా కొడుకు మంగళవారం నాటికి బరువు పెరుగుతాడు. పెరిగి తీరతాడు.

అయితే ముందు ఆ ఎరుపు సంగతి చూడాలి. మా ఆయన కర్ణాకర్ కంగారులో దొరికిన డైపర్లు తెచ్చి పడేసి, ప్రజ్ఞాపూర్‌లో టైల్స్ దుకాణం తాళంచెవి తన దగ్గరే ఉందని వెళ్ళిపోయాడు. అవి కట్టిన రెండో రోజుకే బాబు తొడల దగ్గర కందిపోయింది. ఇంక అమ్మ ఊరుకుంటుందా.

"గా ప్లాస్టిక్‌ల పెట్టి ఉడకబెడుతున్నవు పిల్లగాన్ని. నా పాత చీరెలు లేవా? దూదోలె ఉంటయి."

"తడి గుడ్డల పండుకుంటే నిద్రపోడమ్మా. నిద్రపోకుంటే బరువు పెరగడు."

"నువ్వు పండుకోలేదా గుడ్డలల్ల? పెరగలేదా?"

"నన్ను మంగళవారం తూస్తమని ఎవ్వరు చెప్పలేదు గద."

ఇది పైకి చెప్పిన కారణం. అసలు కారణం అమ్మ చేతులు. సబ్బు నీళ్ళు తగిలితే వేళ్ళ సందులు పగిలి రక్తం వస్తుంది. ఆ చేతులతో రోజంతా గుడ్డలు పిండుతానంటుంది. ఈ మాట అంటే "నా చేతులకేమైంది, మంచిగనే ఉన్నయి" అని పంతానికి ఇంకో బకెట్ నింపుతుంది. అనలేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. డైపర్ల ముచ్చట నాది, తిండీ నీళ్ళ ముచ్చట అమ్మది. ఒకరి దాంట్లో ఒకరు వేలు పెట్టకూడదు. అమ్మ లెక్కలో బాలింతకు వెల్లుల్లి కారం, వేడన్నం, పూటకు అర గ్లాసు కాచి చల్లార్చిన నీళ్ళు. ఎక్కువ తాగితే పొట్ట జారుతుందట, పాల నుంచి బాబుకు పడిశం పడుతుందట. కిటికీ మూయాలి, ఫ్యాను బంద్. కాలేజీలో ఉష్ణం పాఠం చెప్పే లెక్చరర్‌ని, ఏప్రిల్ నెలలో సిద్దిపేటలో కిటికీ మూసుకుని ఉడుకుతున్నాను. ఫరవాలేదు. గెలిచింది నేనే.

ఏప్రిల్ 8, మంగళవారం

అనమ్ వచ్చింది. బడిలో నా బెంచీ. ఇప్పుడు వాళ్ళాయన హస్నైన్‌తో కలిసి పాత బస్టాండు దగ్గర పిల్లల సామాను దుకాణం నడుపుతోంది. బాబును చూసి, చెవిలో ఏదో దువా చదివి, సంచీలోంచి నాలుగు పాకెట్లు మంచం మీద కుమ్మరించింది. అన్నీ అప్పుడే పుట్టిన పిల్లల సైజువే.

"నువ్వే తేల్చి చెప్పు లేఖా. వచ్చినోళ్ళందరు గిదే అడుగుతరు, ఏది మంచిగ పీలుస్తదని. నేను చేతికేదొస్తే గది ఇచ్చి పంపిస్త. నాకేం ఎరుక. నువ్వు సైన్సు దానివి."

"ఇన్ని రోజులు అట్లనే అమ్మినవా?"

"మల్లేంది, నేను కట్టుకోని చూడాల్నా?"

నవ్వితే కుట్లు లాగాయి. ఎన్ని రోజులైందో నవ్వి.

నాలుగు రకాలు: ఆకుపచ్చ పాకెట్, ఏనుగు బొమ్మది, కుందేలు బొమ్మది, నీలి పాకెట్. ఏది ఎక్కువ పీలుస్తుందో, పీల్చాక ఏది పైన పొడిగా ఉంటుందో రెండూ చూడాలి. మధ్యాహ్నం అమ్మను నీళ్ళడిగాను.

"ఒప్పందం ఏందే?" అంది అమ్మ.

"నాకు గాదు, వీటికి."

అమ్మ చెంబు నిండా తెచ్చి పెట్టి, నేనెక్కడ గుటకేస్తానో అని గడప మీదే కూర్చుంది. కిటికీ గూట్లో నాలుగూ పరిచి, మందు సీసా మూతతో కొలిచి కొలిచి పోశాను. పోసిన నీళ్ళు పోసినట్టే లోపలికి పోతుంటే చూస్తూ ఉండిపోయాను. ఒక్కొక్కటి గ్లాసుడు నీళ్ళు తాగి ఉబ్బింది. నాకంటే వాటి బతుకే నయం అనిపించింది. నాలుక అంగిలికి అంటుకుపోతోంది. చెంబులో అడుగున నీళ్ళు మిగిలాయి. అమ్మ బాబు వైపు తిరిగి ఉంది. తాగొచ్చు.

తాగలేదు. మాటంటే మాటే. నేను తాగి దొరికిపోతే రేపటి నుంచి ఇంట్లో మళ్ళీ గుడ్డలే.

టిష్యూ కాగితం అద్ది చూశాను. ఆకుపచ్చది కాస్త చెమ్మ ఇచ్చింది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. రేపటి నుంచి అసలు పరీక్ష.

ఏప్రిల్ 9, బుధవారం

ఆకుపచ్చది పోయింది. ఒక్కసారికే బాబు నడుము దగ్గర తడి. పక్కన పెట్టేశాను.

మధ్యాహ్నం ఏనుగు బొమ్మది కట్టాను. విప్పి చూస్తే తడి లేదు గానీ ముందు భాగంలో ఇటుక పొడి రాలినట్టు ఎర్రటి మరక. రక్తమా అనుకున్నాను. తర్వాత చూస్తే ఆ ఏనుగు చెవులదీ ఇంచుమించు అదే రంగు. రంగు పోతోంది. పసిపిల్లల ఒంటికి తగిలేదానికి ఇంత నాసిరకం రంగు వేస్తారా? కోపం ఆగలేదు. ఫోటో తీసి అనమ్‌కు పంపించాను.

అనమ్ వెంటనే ఫోన్ చేసింది. "ఇన్ని అమ్మిన, రంగు పోతదని ఒక్కళ్ళు గూడ అనలే లేఖా."

"ఎవ్వరు సరిగ్గ చూసి ఉండరు."

"పిల్లగాడు మంచిగున్నడా?"

"నిద్రపోతున్నడు. మంచిగున్నడు."

ఏనుగు కూడా పోయింది. అమ్మకు మరక చూపించలేదు. చూపిస్తే ఈ గది గుడ్డలతో నిండిపోతుంది.

ఏప్రిల్ 10, గురువారం

కుందేలు బొమ్మది అద్భుతం.

దీనికి నడుమ ఒక పసుపు గీత ఉంది. తడిస్తే నీలం అవుతుందని పాకెట్ మీద రాశారు. పొద్దున స్నానం అయ్యాక కట్టాను. పన్నెండుకు చూస్తే గీత పసుపే. భోజనం అయ్యాక చూసినా పసుపే. చెయ్యి పెట్టి చూశాను, లోపల బియ్యప్పిండి తాకినట్టు పొడిగా ఉంది. వచ్చినదంతా లోపలి గుజ్జు అక్కడికక్కడే పట్టేస్తోంది, గీత దాకా చేరనివ్వడం లేదు. ఇప్పటిదాకా కట్టినవాటిలో ఇంత పనితనం దేనికీ లేదు. తొడల ఎరుపు కూడా తగ్గింది.

డాక్టరమ్మ రోజుకు ఆరు సార్లన్నా తడపాలి, లెక్క చూసుకో అంది. అది గుడ్డలు కట్టేవాళ్ళకు చెప్పే లెక్క అయి ఉంటుంది. మంచి డైపరు రెండు మూడు సార్లది ఒకేసారి మింగేస్తే బయటికి ఎలా తెలుస్తుంది? మంగళవారం వెళ్ళినప్పుడు ఈ మాట ఆమెకు చెప్పాలి.

బాబు ఎంత బుద్ధిమంతుడో. నిన్నటి నుంచి ఏడుపే లేదు. పాలకు తీసుకుంటే నాలుగు గుటకలకే నిద్రలోకి జారిపోతాడు. అరికాలు మీటితే కళ్ళు తెరిచి మళ్ళీ మూస్తాడు. తడి లేకపోతే పిల్లలు ఎంత హాయిగా పడుకుంటారో అమ్మకు ఇప్పుడైనా తెలిసొచ్చింది.

"పాలు సాలుతున్నయానే?" అని మాత్రం అడిగింది.

"సాలకుంటే ఏడ్వడా అమ్మా?"

"అవు, అదీ నిజమే." అమ్మ బాబు బుగ్గ నిమిరి, "మా లేఖ పుట్టినప్పుడు ఊరంత లేపేది. వీడు బంగారం" అంది. తర్వాత, అమ్మ నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోని మాట అంది. "గా కుందేలుది మంచిగనే ఉన్నట్టుందే. అదే కట్టు."

గెలిచాను. ఈ తేదీ గుర్తుంచుకోవాలి.

ఏప్రిల్ 11, శుక్రవారం

లేచి నిలబడితే తల తిరిగింది. ఎండలు.

నీలి పాకెట్‌ది కట్టాను. ఇదీ పొడిగానే ఉంది. కుందేలుకు సమానంగా వస్తుందని అనుకోలేదు. రెండింట్లో ఏది మేలో తేలడం లేదు.

బాబు ఇవాళ కూడా బుద్ధిగా ఉన్నాడు.

కంటితో చూసి తేల్చడం నాకే నచ్చడం లేదు. పిల్లలకు ప్రాక్టికల్స్‌లో మార్కులు కోసేది దీనికే కదా. తూకం వేయాలి. వాడని డైపరు బరువు, కట్టి తీసిన డైపరు బరువు. ఆ తేడానే అది పీల్చినది. బాపు దుకాణంలో వెండి తూచే కాంటా ఉంది, గ్రాములో వందో వంతు కూడా చూపిస్తుంది. రేపు భోజనానికి వచ్చేటప్పుడు తెమ్మని ఫోన్ చేశాను.

"దేన్ని తూస్తవే?" అన్నాడు బాపు.

చెప్పాను.

"మీ తాత జేసిన దుకాణం బిడ్డా అది. లక్ష్మి గూసునే జాగ."

"మీ మనుమనిది బాపూ."

"మనుమనిదైతే సరే" అన్నాడు.

ఏప్రిల్ 12, శనివారం

కాంటా వచ్చింది. ఇవాళ తేలిపోతుంది.

అదే రోజు, దవాఖాన

అమ్మ బాబు గుడ్డల మూట తెచ్చింది. డైరీ అందులోనే వచ్చేసింది. తీసి నా ఒళ్ళో పెట్టింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బాపు కాంటాను గుడ్డలో చుట్టి పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. బల్ల మీద పెట్టి, నాలుగు మూలలా సరిచేసి, సున్నా చేశాడు. "ఫ్యాను ఎయ్యకున్రి, గాలికి అంకె ఊగుతది" అన్నాడు. ఈ గదిలో ఫ్యాను తిరిగి ఐదు రోజులైంది. ముందు పాకెట్‌లోంచి కొత్త కుందేలు డైపరు తీసి పెట్టాను. పందొమ్మిది గ్రాముల చిల్లర. తర్వాత బాబు ఒంటి మీదిది విప్పాను. పొద్దున స్నానం అయ్యాక కట్టింది. వాడు కదల్లేదు. దాన్ని కాంటా మీద పెట్టాను.

పందొమ్మిది గ్రాముల చిల్లర.

తీసి మళ్ళీ పెట్టాను. అదే అంకె. కాంటా చెడిపోయిందన్నాను. బాపుకు రోషం వచ్చింది. జేబులోంచి వంద గ్రాముల గుండు తీసి పెట్టాడు. సరిగ్గా వంద చూపించింది. "నా కాంట అబద్ధం చెప్పదు" అన్నాడు. నేను చెత్త బుట్టలోంచి నిన్నటి నీలిది తీసి పెట్టాను. దాని కొత్తదాన్నీ పెట్టాను. రెండింటికీ ఒక గ్రాము కూడా తేడా లేదు.

బాపు ఆ డైపరును చేత్తో పట్టుకుని, గొలుసును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిండ్ల ఏం లేదు బిడ్డా. వట్టిదే."

నాకు అప్పుడు తెలిసింది. కుందేలు గెలవలేదు. నీలిది గెలవలేదు. నా కొడుకు ఉచ్చ పోయడమే లేదు. నిన్న లేదు, ఇవాళ లేదు. మొన్న కుందేలు పసుపు గీత చూసి నేను మురిసిపోయినప్పుడు కూడా లేదు. తడి లేనిది చూసి నేను మార్కులు వేసుకుంటూ కూర్చున్నాను.

వాడిని ఎత్తుకున్నాను. నోట్లో వేలు పెడితే లోపల పొడిగా ఉంది. నడినెత్తి గుంట పడి ఉంది. ఇన్ని రోజులూ వాడిని కింది నుంచే చూశాను, పైనుంచి చూడలేదు. చెప్పులు వేసుకున్నానో లేదో తెలియదు. బాపు ఆటో ఆపాడు. అమ్మ "ఏమైందే, ఏమైందే" అంటూ మూట పట్టుకుని వెనకే పరుగెత్తింది.

డాక్టరమ్మ తూచింది. పుట్టినప్పటికంటే మూడు వందల గ్రాములు తక్కువ.

"ఒంట్ల నీళ్ళు లేవు. కామెర్లు గూడ ఎక్కినయి. డైపర్ల ఇటుక రంగు మరకేమన్న కనబడ్డదా?"

"కనబడ్డది మేడమ్" అన్నాను.

"ఎప్పుడు?"

"బుధవారం. ఏనుగు బొమ్మ రంగు అనుకున్న."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒంట్లో నీళ్ళు చాలక మూత్రం చిక్కబడితే అలాంటి మరక పడుతుందని, అది వాడు చెప్పిన మొదటి మాట అని నెమ్మదిగా చెప్పింది. తర్వాత "నువ్వెన్ని నీళ్ళు తాగుతున్నవమ్మా?" అంది.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది. "నేనే ఇయ్యలే డాక్టరమ్మా. పూటకు అర గ్లాసే ఇచ్చిన. మా అత్త నాకు గట్లనే ఇచ్చింది."

"నీళ్ళొక్కటే గాదు. పట్టుకునే తీరు గూడ సక్కగ లేదు. వాడు కొసకే పట్టుకుంటుండు, పాలు దిగుతలేవు. ఆకలితోని నీరసమొచ్చి నిద్రపోతుండు. మీరు గది మంచి నిద్ర అనుకున్నరు." ఆమె నర్సుకు ఏదో చెప్పి మళ్ళీ మా వైపు తిరిగింది. "చేతికి సెలైను పెడుతున్న. తెల్లారేదాక చూస్త. గప్పటికీ మూత్రం రాకుంటే కిడ్నీల సంగతి చూడాలె, హైదరాబాద్ తీస్కపోవాల్సొస్తది. బండి మాట్లాడి పెట్టుకోన్రి."

కర్ణాకర్ ప్రజ్ఞాపూర్ నుంచి వచ్చాడు. నేను చెప్పింది అంతా విని గోడకు ఆనుకుని, "నాకొకసారి ఫోన్ చేసి చెప్పరాదా లేఖా" అన్నాడు.

"ఏమని చెప్పాలె? డైపరు పొడిగుందనా?"

అతను అంబులెన్సు మాట్లాడడానికి వెళ్ళాడు.

అమ్మ బెంచీ చివర కూర్చుని ఉంది. అమ్మ మీద కోపం వచ్చింది. గట్టిగా అరవాలనిపించింది. నీ వల్లనే అనాలనిపించింది. కానీ ఆ అర గ్లాసుకు ఒప్పుకున్నది నేను. డైపర్ల కోసం నా దాహాన్ని పందెం పెట్టింది నేను. చెంబు అడుగున నీళ్ళు చూసి కూడా తాగకుండా, నా అంత మొండిది లేదని మురిసింది నేను. అమ్మ తనకు తెలిసింది చేసింది. నేను నాకు తెలిసింది కూడా చేయలేదు.

ఏడవను. ఏడిస్తే వచ్చేవి కూడా నీళ్ళే, అవి పాలకు కావాలి.

ఏప్రిల్ 13, ఆదివారం

వర్షిత అని ఒక నర్సు. నాకంటే చిన్నది. పొద్దున్నే వచ్చి, వాడిని నా పొట్టకు పొట్ట ఆనించి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి తీసుకోవడం నేర్పింది. "తొందరపడకక్కా. చిన్నగ తెరిస్తే పట్టనియ్యకు. ఆగు. ఇంక ఆగు. గిప్పుడు." మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. "నొప్పి అయితుందంటే తప్పన్నట్టు. తియ్యి, మళ్ళ పెట్టు." ఎన్నిసార్లు తీసి పెట్టానో తెలియదు. ఎప్పటికో, నొప్పి లేకుండా లోపలి నుంచి లాగినట్టయింది, వాడి గొంతులో గుటక వినిపించింది. ఇన్ని రోజులూ ఈ చప్పుడు లేదని నాకు ఆ చప్పుడు విన్నాకే తెలిసింది.

వాడు తాగలేక వదిలేసినప్పుడు మిగతా పాలు గిన్నెలోకి పిండి చెంచాతో పోస్తున్నాం. కామెర్లకు పెట్టిన నీలి లైటు కింద వాడు కళ్ళకు గంతలు కట్టుకుని పడుకున్నాడు. నేను అద్దం ఇవతల నిలబడలేదు. లోపలే ఉన్నాను. చేతులు కడుక్కోవడం, పిండడం, పోయడం, మళ్ళీ మొదలు. ఎవరూ నన్ను బయటికి పంపలేరు.

ఇక్కడ కూడా డైపర్లు తూస్తారు. ఏ రకమని ఎవరూ చూడరు. ఎంత బరువుందో చూసి చార్టులో రాస్తారు. పొద్దున మొదటిది తూచి వర్షిత "రెండు గ్రాములు" అంది.

"రెండు గ్రాములు మూత్రమేనా?"

"చెమట గూడ కావచ్చక్కా."

బయట అంబులెన్సు వచ్చి ఆగింది. కర్ణాకర్ డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. డాక్టరమ్మ ఇంకో గంట చూద్దాం అంది. హైదరాబాద్ అంటే గజ్వేల్ దాటి, ప్రజ్ఞాపూర్ దాటి, ఈ ఎండలో, చేతికి సెలైనుతో. వాడి చెయ్యి నా బొటనవేలు అంత ఉంది.

అమ్మ వచ్చింది. చేతిలో స్టీలు చెంబు, దాని మీద బోర్లించిన గ్లాసు. పొద్దున్నే ఇంటికి పోయి తెచ్చిందట. గ్లాసు నింపి నా నోటికి ఆనించింది. నా చేతులు ఖాళీగా లేవు, పాలు పిండుతున్నాను. తాగాను. ఇంకోటి నింపింది. అదీ తాగాను. నీళ్ళు గడ్డం మీదుగా కారుతుంటే కొంగుతో తుడిచింది. వేళ్ళ సందులు ఎర్రగా పగిలి ఉన్నాయి.

"ఇంకొకటి తాగు" అంది.

"సాలమ్మా."

"సాలదు. నాకేం తెలుసు సాలుతదో సాలదో. తాగు."

తాగాను. ఇద్దరం ఏడ్చాం. పిండడం ఆపలేదు.

ఏప్రిల్ 13, మధ్యాహ్నం

పాలు పట్టాక వాడిని భుజాన వేసుకున్నాను. ఇదివరకు కాళ్ళు వేలాడేసేవాడు, ఇప్పుడు కడుపులోకి ముడుచుకున్నాడు. తర్వాత కెవ్వుమని ఏడ్చాడు. చుట్టుపక్కల పిల్లలంతా లేచారు. ఎవరో తల్లి "ఊకోబెట్టమ్మా" అంది. నేను ఊరుకోబెట్టలేదు. ఏడవనీ, ఇంకా గట్టిగా ఏడవనీ అనుకున్నాను. నా చెయ్యి వాడి పిర్రల కింద ఉంది. అరచేతిలో వెచ్చగా బరువు దిగింది.

వర్షితను పిలిచాను. ఆమె వచ్చి విప్పింది. తూకం మీద పెట్టింది. అంకె కాసేపు ఊగింది.

డాక్టరమ్మ వచ్చి చార్టు చూసి, కర్ణాకర్‌తో "బండి వాపస్ పంపియ్యన్రి" అంది. ఇంకా కొన్ని రోజులు ఇక్కడే ఉండాలట, కామెర్లు తగ్గాలట, బరువు రావాలట. ఉంటాను. ఎన్ని రోజులైనా ఉంటాను.

అనమ్ బయట బెంచీ మీద ఉంది, పొద్దున్నుంచి. నన్ను చూసి లేచి నిలబడింది. "నేనే తెచ్చి ఇచ్చిన లేఖా అవన్ని" అంది. దాన్ని పట్టుకుని చెప్పాను, "వాటి తప్పేం లేదు. నాలుగూ మంచిగనే పీలుస్తయి. నీ దుకాణంకు కొత్త తల్లులొస్తే ఏది మంచిదని చెప్పకు. ఎన్నిసార్లు తడుపుతుండని అడుగు. బరువు లేకుంటే దవాఖానకు పొమ్మను." తలూపింది, ఏడుస్తూనే.

తర్వాత బాపుకు ఫోన్ చేశాను. నిన్న బాబు చేతికి సూది గుచ్చినప్పుడు బాపు చూడలేక బయటికి వెళ్ళిపోయాడు. ఇవాళ ఆదివారమైనా దుకాణం తెరిచాడట. ఎవరిదో పెళ్ళి, పట్టగొలుసులు ఇవ్వాలట. ఫోన్ మొదటి రింగుకే ఎత్తాడు. ఊపిరి వినపడుతోంది.

"పోసిండు బాపూ" అన్నాను. "ముప్పై ఎనిమిది గ్రాములు."

"నికరమేనా? వట్టి దాని బరువు తీసేసిన్రా?"

"తీసేసినంకనే బాపూ. నికరం."

ఫోన్ కింద పెట్టిన చప్పుడైంది గానీ కట్ కాలేదు. బాపు ఏడుస్తున్నాడు. నేను పుట్టి ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు. దుకాణంలో ఎవరో గిరాకీ కంగారుగా అడగడం వినపడింది.

"ఏమైంది సేటూ? ఏమన్న నష్టమైందా?"

"నష్టం లేదు, ఏం లేదు" అన్నాడు బాపు. "నా మనుమడు ముప్పై ఎనిమిది గ్రాములు పోసిండు."